నవ్వు మాటలో ఉందా, విన్నవాడి మొహంలో ఉందా: మన కామెడీ దర్శకుల పనితనం, దేవరకొండ దోస్తుల షార్ట్ ఫిల్మ్‌కు కొన్ని సూచనలు

ఇష్టమైన కామెడీ దర్శకులెవరు, వాళ్ల సినిమాల్లో అంత నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది అని అడిగారు. కింద అసలు బాధ కూడా రాశారు. నల్లగొండ జిల్లా దేవరకొండలో మీరు నలుగురు దోస్తులు కలిసి పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశారు. కాయితం మీద చదివినప్పుడు అందరూ పడి పడి నవ్వారు, తీసినంక చూస్తే ఒక్కరూ నవ్వలేదు. రెండు ప్రశ్నలకూ కలిపే జవాబు చెబుతా, ఎందుకంటే మొదటి దాంట్లోనే రెండో దాని మందు ఉంది.

కాయితం మీద నవ్వించేది మాట. తెర మీదికి వచ్చేసరికి ఆ మాట విన్నవాడి మొహం, ఆ మాట వెనక మనకు ముందే తెలిసిన గుట్టు నవ్విస్తాయి. 'మాయాబజార్' (1957) చూడండి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడికి తెలియదు. సావిత్రి ఆడపిల్లలా సిగ్గుపడుతూనే మధ్యలో రాక్షసుడిలా బిగుసుకుంటుంటే రేలంగి మొహం ఏమవుతుందో చూడటానికి మనం ఎదురుచూస్తాం. అక్కడ జోకు లేదు. ఎవరికి ఏం తెలుసో కె.వి.రెడ్డి, పింగళి నాగేంద్రరావు కట్టిన లెక్క ఉంది. తర్వాత వచ్చిన కామెడీ దర్శకులు చాలామంది ఈ లెక్కనే తమ తమ పద్ధతుల్లో వాడుకున్నారు.

నా వరకు అందరికంటే ముందు జంధ్యాల. 'ముద్దమందారం' (1981)తో దర్శకుడయ్యేనాటికే 'శంకరాభరణం' మాటల రచయితగా పేరున్నవాడు. అందుకని ఆయన కామెడీ అంటే మాటల గారడీ, తిట్ల దండకం అనుకుంటారు జనం. ఆ తిట్లు కాపీ కొట్టి యూట్యూబ్‌లో పెట్టినవాళ్లు బోలెడుమంది, ఒక్కరూ నవ్వించలేదు. ఆయన అసలు పట్టు పాత్రకున్న పిచ్చి మీద. ప్రతి మనిషికీ ఒక పిచ్చి ఇస్తాడు, ఆ పిచ్చి ఆ మనిషికి మాత్రం పూర్తి సబబుగా ఉంటుంది. 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984)లో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పడం మొదలుపెడితే టైటిళ్ల దగ్గర్నుంచి చెబుతుంది. ఆమె నవ్వించాలని చెప్పడం లేదు. కథంటే అట్లాగే చెప్పాలని నమ్ముతుంది. వినేవాడు లేచి పారిపోలేడు, మర్యాద అడ్డం. నవ్వంతా ఆ మర్యాదకూ నరకానికీ మధ్య ఉన్న సందులో పుడుతుంది.

'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావు పిసినారితనాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి చూడండి, చాలా పనికొస్తుంది. కోడిని పైనుంచి వేలాడగట్టి, దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తింటాడు. ఆ పనిలో కోటకు సిగ్గు లేదు, బాధ లేదు. తెలివైన సంసారం చేస్తున్నానన్న తృప్తి ఉంది. నటుడు అక్కడ కన్ను గీటినా, 'చూడండి ఎంత పిసినారినో' అన్నట్టు మూతి తిప్పినా సీను చచ్చేది. ఇక పక్కన పనివాడు అరగుండు బ్రహ్మానందం. అతను మన తరఫు మనిషి. మనం అనాలనుకున్నది అతను లోపల్లోపల తిట్టుకుంటాడు, పైకి అనలేడు. పిచ్చివాడు ఒక్కడే ఉంటే వింత, వాడి చేతికింద ఒక మామూలు మనిషి ఇరుక్కుంటేనే కామెడీ. పైగా రాజేంద్రప్రసాద్ డబ్బున్న ఇంటి కొడుకై ఉండీ, పిల్లనివ్వమని అడగడానికి కోటను మించిన పిసినారిగా నటిస్తుంటాడు. ఆ సంగతి మనకు తెలుసు, కోటకు తెలియదు. పిచ్చి, ఇరుక్కున్న మనిషి, దాచిన గుట్టు, మూడూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఆ సినిమా ఇప్పటికీ నిలబడిందంటే ఆ కట్టుబడి వల్లనే.

సింగీతం శ్రీనివాసరావు దగ్గర నేర్చుకోవాల్సింది వేరే. 'పుష్పక విమానం' (1987)లో మాటల్లేవు, చప్పుళ్లున్నాయి. సినిమా హాలు పక్కన ఇరుకు గదిలో, ఆ హాలు మోత మధ్య పడుకునే అలవాటున్న కుర్రాడికి పెద్ద హోటల్ గదిలో నిద్ర పట్టదు. పోయి ఆ మోతంతా టేపులో పట్టుకొచ్చి, పెట్టుకుని హాయిగా పడుకుంటాడు. ఒక్క మాట లేకుండా బీదరికం, అలవాటు, హాస్యం మూడూ వచ్చేశాయి. మీ ఫిల్మ్‌కు ఈ పరీక్ష పెట్టండి: సౌండ్ మొత్తం బంద్ చేసి, కథ తెలియని మనిషికి చూపించండి. ఎవరు ఎవరికి భయపడుతున్నారు, ఎవరు ఏం దాస్తున్నారు అన్నది అతనికి సగమన్నా అర్థం కాకపోతే మీరు తీసింది రేడియో నాటకం.

వంశీ గురించి కొంచెమే చెబుతా. 'లేడీస్ టైలర్' (1986)లో తొడ మీద పుట్టుమచ్చ ఉన్న పిల్లను చేసుకుంటే దశ తిరుగుతుందని నమ్మిన దర్జీ, 'ఏప్రిల్ 1 విడుదల' (1991)లో కొన్నాళ్లపాటు నిజమే చెప్పాలని పందెం కట్టుకున్న అబద్ధాలకోరు. రెండింటిలోనూ ఊరు మొత్తం కథలో పాల్గొంటుంది. చూసి గోదావరి యాసను, పడవలను తెచ్చి దేవరకొండలో పెట్టకండి. మన దిక్కు పిచ్చులు మనకున్నాయి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింట్ చూసే పెద్దమనిషి వెనక ఊరంతా నడవడం, ఆ కాయ నిలబడ్డ చోటు సరిగ్గా పాలోళ్ల (దాయాదుల) గెట్టు మీద పడటం. వంశీ ఇక్కడ పుట్టి ఉంటే దాన్ని వదిలేవాడు కాదు.

ఇ.వి.వి.సత్యనారాయణ జంధ్యాల దగ్గర పనిచేసి వచ్చినవాడే. గురువు పిచ్చిని ఒక మనిషికి ఇస్తే, ఈయన ఊరందరికీ పంచాడు. 'జంబలకిడిపంబ'లో ఆడవాళ్లు మగవాళ్లలా, మగవాళ్లు ఆడవాళ్లలా మారిపోతారు. ఆ ఒక్క ఊహను పట్టుకుని ఇల్లు, వీధి, ఆఫీసు అన్నీ తిరుగుతాడు, మధ్యలో ఇంకో కొత్త ఊహ తేడు. షార్ట్ ఫిల్మ్ వాళ్లు తప్పేది ఇక్కడే: మూడు నిమిషాలకొక కొత్త ఐడియా పెట్టి, దేన్నీ చివరిదాకా పిండరు. అయితే ఇ.వి.వి. సినిమాల్లో రెండర్థాల మాటలు, మనిషి ఒంటి మీద వేసే జోకులు ఇప్పుడు చూస్తే వాడిపోయాయి. వాటిని వదిలేసి నిర్మాణం మాత్రం తీసుకోండి.

ఎస్.వి.కృష్ణారెడ్డిది ఇంట్లో అందరూ కూర్చుని చూసే కామెడీ. ఆయన బలం ఒకే ఒక నియమం. 'యమలీల' (1994)లో యముడి భవిష్యవాణి పుస్తకం భూమ్మీద పడుతుంది. 'శుభలగ్నం' (1994)లో భార్య మొగుణ్ని కోటి రూపాయలకు అమ్ముతుంది. నమ్మలేని సంగతి ఒక్కటే, మొదట్లోనే వస్తుంది. తర్వాత అందరూ మామూలు మనుషుల్లాగే నడుచుకుంటారు. రెండో అబద్ధం నమ్మమని ప్రేక్షకుణ్ని అడగడు. మన కోదాడ వేణుమాధవ్‌ను 'సంప్రదాయం' (1996)తో సినిమాల్లోకి తెచ్చింది కూడా ఈయనే. మిమిక్రీ, మాట్లాడే బొమ్మ ప్రోగ్రాముల నుంచి వచ్చినవాడు కాబట్టి వేణుమాధవ్‌కు ఎదుటివాడి మాట ఎక్కడ తెగుతుందో కచ్చితంగా తెలుసు. అతని సీన్లలో అతను మాట్లాడే ముందు తీసుకునే అరక్షణం గమనించండి.

శ్రీను వైట్ల 'వెంకీ' (2004), 'రెడీ' (2008), 'దూకుడు' (2011) ఈ 'ఎవరికి ఏం తెలుసు' ఆటను పెద్ద ఎత్తున ఆడాయి. 'దూకుడు'లో తాను రియాలిటీ షోలో ఉన్నానని బ్రహ్మానందం నమ్ముతాడు, ఎదుటివాళ్లకు ఆ షో సంగతే తెలియదు, మనకు రెండూ తెలుసు. ఇట్లాంటి సీను రాయాలంటే కాయితం మీద గళ్లు గీయండి. ఎడమవైపు పాత్రల పేర్లు, పైన సీన్ల నంబర్లు. ప్రతి గడిలో 'ఈ సీను మొదలయ్యేసరికి ఇతనికేం తెలుసు' అని ఒక్క ముక్క రాయండి. ఏ సీనులోనైనా నిలువు వరుసలో అందరికీ ఒకటే రాసి ఉంటే ఆ సీనులో నవ్వు రాదు, సమాచారం మాత్రమే వస్తుంది. ఆ సీను కొట్టేయండి, లేకపోతే ఒకరికి తెలిసింది తగ్గించండి. తర్వాత తర్వాత ఇదే అచ్చు మీద, హీరో విలన్ ఇంట్లో చేరి అందర్నీ బకరాలను చేసే సినిమాలు వరసగా వచ్చి జనానికి మొహం మొత్తింది. మొదటి పది నిమిషాల్లోనే ఎవరు బకరా అవుతారో తెలిసిపోతే ఇక గుట్టు ఎక్కడిది?

ఇప్పుడు మన యాస సంగతి. చాలా ఏండ్లు తెలుగు సినిమాలో తెలంగాణ మాట విలన్‌కో, తాగుబోతుకో, పక్కనుండే జోకర్‌కో ఇచ్చారు. 'ప్రతిఘటన' (1985)లో కోట గొప్పగా చేశాడు, కాదనను. కానీ ఆ దారిలో వచ్చిన చాలా సినిమాల్లో యాసే జోకు అయింది. 'పెళ్ళి చూపులు' (2016)తో తరుణ్ భాస్కర్ దాన్ని తిరగేశాడు. ప్రియదర్శి పాత్ర మన ఇంటి పక్క పిల్లగాడు మాట్లాడినట్టే మాట్లాడుతుంది. గొంతు పెంచదు, అతని చిరాకుకు నవ్వుతాం, అతని ఉచ్చారణకు కాదు. అనుదీప్ 'జాతిరత్నాలు' (2021)లో జోగిపేట నుంచి వచ్చిన ముగ్గురికి ఏమీ తెలియదు, తెలియదన్న సంగతి కూడా తెలియదు. చివర కోర్టులో తన కేసు తానే వాదించుకునే హీరోకు ఉన్న ధైర్యం చూడండి. అజ్ఞానం కన్నా ఆ ధైర్యం ఎక్కువ నవ్విస్తుంది. ఆ సీనులో జడ్జిగా కూర్చున్న బ్రహ్మానందం పని మళ్లీ ఇరుక్కున్న మనిషి పనే. జంధ్యాల అరగుండు కిందినుంచి భరించాడు, ఈ జడ్జి పైన కూర్చుని భరిస్తాడు.

వేణు ఎల్దండి 'బలగం' (2023) మీకు అన్నిటికంటే దగ్గర. చావింట్లో నవ్వు పుట్టించడం కత్తి మీద సాము. వేణు చచ్చినవాణ్ని నవ్వులపాలు చేయలేదు. అప్పుల్లో ఉండి కట్నం మీద ఆశ పెట్టుకున్న మనవడు సాయిలుకు తాత చావు తప్పుడు టైంలో వచ్చింది. అందరూ ఒకందుకు ఏడుస్తుంటే వాడు ఇంకొకందుకు ఏడుస్తాడు. ఇక నల్లి బొక్క (మూలుగ ఉన్న ఎముక) దగ్గర మొదలై ఏండ్లు నడిచిన బావాబామ్మర్దుల పంచాది గురించి విడమరచి చెప్పే పనే లేదు, మన దిక్కు ప్రతి ఇంట్లో అట్లాంటిది ఒకటి ఉంటుంది. చిన్న కారణం, పెద్ద పగ, ఇద్దరూ పూర్తి సీరియస్. ఈ మూడు కుదిరితే ప్రత్యేకంగా కమెడియన్‌ను పెట్టాల్సిన పని లేదు.

యాస రాసేటప్పుడు ఒక జాగ్రత్త. టీవీలో వినిపించే 'ఉమ్మడి తెలంగాణ యాస' అనేది ఏ ఊళ్లోనూ లేదు. దేవరకొండ మాట వేరు, కోదాడ, హుజూర్‌నగర్ దిక్కు కృష్ణా జిల్లా పోకడ కలుస్తుంది, నారాయణపేట, మక్తల్ దిక్కు కన్నడం కలుస్తుంది. ఒక కుటుంబంలో అందరూ ఒకే ఊరి మాట మాట్లాడాలి, కోడలు వేరే ఊరి పిల్లయితే తప్ప. మాటలు రాసిన కాయితం నటుడికిచ్చి, చదివినంక కాయితం గుంజుకోండి. అతని నోటికి వచ్చిన తీరే ఉంచండి. ప్రతి వాక్యం చివర 'బై', 'గదా' తగిలిస్తే యాస కాదు, వేషం.

ఇవన్నీ కలిపి ఒక సీను కడదాం, ఆరు నిమిషాలకు సరిపోయేది. యాదయ్య చీటీ ఎత్తిన పైసలతో బర్రెను కొన్నాడు. ఆ పైసలు వేరే పనికి దాచినవి కాబట్టి భార్య లింగమ్మతో 'మీ తమ్ముడే కొనిచ్చిండు' అని అబద్ధం చెప్పాడు. మొదటి ముప్పై సెకన్లలో ఈ గుట్టు ప్రేక్షకుడికి తెలిసిపోవాలి. పక్కింటాయనతో యాదయ్య గుసగుసగా చెప్పాలి: "చీటీ పైసలే గవి. మా బామ్మర్ది ఇచ్చిండని చెప్పిన. నువ్వు నోరు ఇప్పకు." గుట్టును చివరిదాకా దాచి ట్విస్టులా పెడితే ఆరు నిమిషాలకు ఒక్క నవ్వు వస్తుంది. ముందే చెబితే ప్రతి నిమిషం వస్తుంది.

తర్వాత బామ్మర్ది దిగుతాడు, కబురు లేకుండా. లింగమ్మ సంబరంతో నాటుకోడి కూర వండుతుంది. తినేటప్పుడు అతనంటాడు: "అక్కా, బర్రె మస్తుంది గదా. ఎంతకు తెచ్చిండు బావ?" ఇక్కడ కెమెరా బామ్మర్ది మీద ఉండకూడదు, యాదయ్య మీద ఉండాలి, నోట్లో ముద్ద ఆగిపోయి. లింగమ్మ నవ్వుతుంది: "సూడు, ఇచ్చి గూడ ఏమెరగనట్టు అడుగుతుండు. మా తమ్ముడంటే గట్లుంటడు." ఇప్పుడు బామ్మర్ది మీదికి రండి. రెండు సెకన్లు. బావను చూస్తాడు, కూర గిన్నెను చూస్తాడు, అర్థమవుతుంది. "ఇంకో ముక్క ఎయ్యక్కా." అంతే అనాలి. 'ఓహో, ఇదా సంగతి' అని ఒక్క మాట పెట్టినా ఆ రెండు సెకన్లు వృథా.

అక్కడి నుంచి మెట్లు ఎక్కాలి. మొదట ముక్క, తర్వాత పొయ్యేటప్పుడు ఇంటికి డబ్బా నిండా నెయ్యి, ఆ తర్వాత పెట్రోలుకు ఐదు వందలు. ప్రతిసారీ యాదయ్య కాదనలేడు, లింగమ్మ గర్వం పెరుగుతుంటుంది. చివరికి బామ్మర్ది పలుపు ఇప్పుతూ: "బావ, నా బర్రె గదా, ఓ నెల దినాలు మా ఇంటికాడ కట్టేసుకుంట." లింగమ్మే సాయం పట్టి తోలాలి. యాదయ్య ఏమీ అనకూడదు. మెట్ల వరస తారుమారైతే, అంటే నెయ్యి కంటే ముందు బర్రెను అడిగితే, మిగిలినవి చప్పబడతాయి. బర్రెకు ముందు నాలుగో మెట్టు పెట్టాలని ఆశపడకండి. అదే పని నాలుగోసారి వచ్చేసరికి చూసేవాడు మీకంటే ముందే చెప్పేస్తాడు.

తీయడం. తిండి సీనులో మనుషులు కింద కూర్చుంటారు కాబట్టి కెమెరా కూర్చున్నవాళ్ల కళ్ల ఎత్తుకు, నేలకు రెండున్నర అడుగుల పైన ఉండాలి. నిలబడి పైనుంచి తీస్తే మనుషులు చిన్నబోతారు, సీసీ కెమెరా ఫుటేజీలా ఉంటుంది. ముగ్గురూ కనిపించే షాట్‌లో సీను మొత్తం ఒకసారి ఆపకుండా తీయండి. నవ్వు పుట్టేది ఇద్దరి మధ్య కాబట్టి ఇద్దరూ ఫ్రేములో ఉండాలి. క్లోజప్పులు తర్వాత, యాదయ్యది ఒకటి, బామ్మర్దిది ఒకటి, చాలు. ఫోన్‌లో మెయిన్ లెన్స్ వాడండి. అల్ట్రావైడ్ పెడితే అంచున కూర్చున్నవాళ్ల మొహాలు సాగుతాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే ట్యూబ్‌లైట్ మినుకు పట్టదు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయండి. లేకపోతే సరిగ్గా ఆ రెండు సెకన్ల మౌనంలోనే ఫోన్ వెలుగు సర్దుకుంటూ కూర్చుంటుంది.

సౌండ్ మీద పిసినారితనం వద్దు. ఫ్యాన్ బంద్, ఫ్రిజ్ బంద్. మాట్లాడే ప్రతి ఒక్కరికీ కాలర్ మైక్. సీను అయినంక ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్లు ఆ గది నిశ్శబ్దం రికార్డు చేయండి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి అదే దిక్కు. తర్వాత డబ్బింగ్ చెబుదామనుకుంటే కామెడీ సగం పోతుంది. ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడే మన ఇంటి తీరు డబ్బింగ్ గదిలో ఒక్కొక్కరుగా నిలబడి చెబితే రాదు.

నటులకు చెప్పాల్సింది ఒక్కటే: మీకు ఇది కామెడీ అని తెలియదు. బామ్మర్ది వేసేవాడు పెదవి మీద నవ్వు ఆపుకుంటూ కనిపించిన టేక్ ఎంత బాగున్నా పారేయండి. బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఒకడు, రాజకీయం చెప్పే వంత ఒకడు వేరువేరుగా ఉంటారు. మీ సినిమాలో హాస్యం చెప్పేవాడు ఎవరూ ఉండకూడదు, అందరూ తమ తమ రాజకీయంలోనే ఉండాలి.

ఎడిటింగ్‌లో రెండు పనులు. దెబ్బ కొట్టే మాట చెప్పేవాడి మొహం మీద మొదలుపెట్టి, చివరి రెండు మూడు పదాలు వినేవాడి మొహం మీద వినిపించండి. రెండోది, ఆగే సమయం. సినిమా హాల్లో జనం నవ్వితే తర్వాతి మాట వినపడదు కాబట్టి పెద్ద దెబ్బ తర్వాత రెండు మూడు సెకన్లు ఖాళీ వదలాలి, లేదంటే పోయినా నష్టం లేని మాట ఒకటి పెట్టాలి. ఫోన్‌లో ఒంటరిగా చూసేవాడు గట్టిగా నవ్వడు, అతనికి సెకనుంటే చాలు, అంతకు మించితే వేలితో జరిపేస్తాడు. కాబట్టి ఊళ్లో ప్రొజెక్టర్ పెట్టి చూపించే కాపీ, యూట్యూబ్ కాపీ వేరువేరుగా ఎడిట్ చేసుకోండి. 'టొయ్' అని స్ప్రింగు చప్పుళ్లు, కాకి అరుపులు, జోకు కింద వాయించే మ్యూజిక్ అన్నీ తీసేయండి. అవి 'ఇక్కడ నవ్వండి' అని వేలు పెట్టి చూపించడమే. మ్యూజిక్ తప్పదంటే బర్రె గేటు దాటినంక మొదలుపెట్టండి.

మీ పన్నెండు నిమిషాల ఫిల్మ్‌ను పారేయకండి. ముందు ఈ లెక్కల్లో కోసి చూడండి. ఏడు నిమిషాలకు దిగకపోతే గుట్టు ఆలస్యంగా విప్పుతున్నారని అర్థం, ఆ సీనును మొదటి నిమిషంలోకి తీసుకురండి. తర్వాత మీ టీమ్‌తో, చుట్టాలతో సంబంధం లేని ఐదారుగురికి చూపించండి, కామెడీ అని ముందే చెప్పకుండా. మీరు తెరను కాకుండా వాళ్లను చూడాలి. నవ్విన చోటల్లా, ఫోన్ వైపు చెయ్యి పోయిన చోటల్లా టైమ్ రాసుకోండి. చెయ్యి పోయిన చోటుకు సరిగ్గా ముందున్న ఇరవై సెకన్లలో తప్పు ఉంటుంది, అక్కడ కోయండి.